గది అద్దె నుంచి ఇంప్లాంటు దాకా కోతలే: మోకాలి ఆపరేషన్ బిల్లుతో నా అనుభవం

మా ఇంటావిడకు కుడి మోకాలు మార్చే ఆపరేషన్ 2025 జనవరి 23న రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. ఆపరేషన్ చక్కగా అయింది, ఆవిడ ఇప్పుడు కర్ర ఊతం లేకుండానే వీధి చివరి రామాలయం దాకా వెళ్లి వస్తోంది. కాబట్టి వైద్యం గురించి నేను చెప్పవలసింది పెద్దగా లేదు. చెప్పవలసింది డబ్బు గురించే. అయిదు లక్షల ఆరోగ్య బీమా ఉండి, క్యాష్‌లెస్ అప్రూవల్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కడుతుందన్న అనుమతి, చేతికి వచ్చాక కూడా, మేము సొంతంగా 1,18,700 రూపాయలు కట్టవలసి వచ్చింది. అందులో 33,300 తరువాత వెనక్కి వచ్చింది. ఆ డబ్బు ఎందుకు పోయిందో, ఎలా తిరిగి వచ్చిందో జరిగిన వరుసలోనే రాస్తున్నాను. చదవడానికి వీలుగా అంకెలను దగ్గరి వందకు సవరించాను. రావులపాలెం అరటి మార్కెట్‌లో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాసి రాసి విరమించుకున్నవాణ్ణి కావడం వల్ల, మిగతావారు మడిచి సంచిలో పెట్టేసుకునే కాగితాలను నేను గీత గీతా చదివాను.

పాలసీ మా అమ్మాయి చొరవతో 2021 నవంబరులో మా ఇద్దరికీ కలిపి తీసుకున్నాం. జీఎస్టీతో కలిపి ఏడాదికి 38,000 రూపాయల దాకా కడుతూ వచ్చాం. అంతవరకు ఒక్క క్లెయిము కూడా చేసింది లేదు. మోకాలి మార్పిడి, కంటి శుక్లం, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు వంటివాటికి రెండేళ్లు ఆగాలన్న షరతు మా పాలసీలో ఉంది, అది 2023లోనే తీరిపోయింది. మిగిలిన షరతుల్లో రెండు ఇక్కడ ముఖ్యం. గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 5,000 దాటకూడదు. అరవై దాటినవారి క్లెయిములో పది శాతం మేమే భరించాలి, దాన్ని కో-పే అంటారు. ఈ రెండూ మాకు ముందే తెలుసు. మొదటి షరతు బిల్లులో ఎంత దూరం పోతుందన్నదే తెలియదు, ఎవరూ చెప్పనూ లేదు.

2024 డిసెంబరు 12న సర్జన్‌గారు నిలబెట్టి ఎక్స్‌రే తీయించి, మోకాలిలో గుజ్జు పూర్తిగా అరిగిపోయిందనీ, ఇంకా సూదులూ మాత్రలూ దండగనీ చెప్పారు. ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషన్ కాదు, మనకు వీలైనప్పుడు చేయించుకునేదే. అందుకని సంక్రాంతి వెళ్లాకే అని ఆవిడ పట్టుపట్టింది. కూతురూ అల్లుడూ పిల్లలతో వచ్చే పండక్కి అరిసెలు వండకుండా మంచం మీద పడుకోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. జనవరి 23కు తేదీ ఖాయం చేసుకున్నాం. ఇన్సూరెన్సు డెస్కులోని కుర్రాడు చిన్న కాగితం మీద అంచనా రాసిచ్చాడు: ఇద్దరు రోగులుండే షేరింగ్ గదిలో, రోజుకు 4,500 అద్దెతో, అన్నీ కలిపి 2,20,000. ఇంప్లాంటు ఎంపికకు కౌన్సెలర్ అనే అమ్మాయి రంగుల పుస్తకం తెరిచి బంగారు పూత వేసిన మోకాలు చూపించింది. మోకాలి ఇంప్లాంట్లకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధరలు నిర్ణయించింది కాబట్టి ఎవరి చిత్తం వచ్చిన ధర వారు వేయడానికి లేదు గాని, రకాన్ని బట్టి తేడా మాత్రం బాగానే ఉంది. సర్జన్‌గారు మామూలు కోబాల్ట్ క్రోమియం రకం చాలన్నారు. దాని ఖరీదు 66,000.

ఏ అంచనా కాగితంలోనూ కనిపించని ఖర్చు ఒకటి ఇంట్లోనే ఎదురైంది. మోకాలు మార్చాక గొంతుకూర్చోకూడదు. కొత్తపేట దగ్గర మా ఊరి ఇంట్లో ఉన్నది పాతకాలపు మరుగుదొడ్డి. డిశ్చార్జి నాటికి కుర్చీలా కూర్చునే కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ తయారుగా ఉండాలని ఆసుపత్రివారు చెప్పారు. సంక్రాంతి ముందు కోనసీమలో తాపీమేస్త్రి దొరకడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఉన్న మేస్త్రులంతా పందెం బరుల చుట్టూనే ఉన్నారు. కనుమ వెళ్లిన మర్నాడు ఒకాయన దయతలచి వచ్చాడు. సామానుతో, కూలితో కలిపి 14,500 అయింది. ఇది ఏ బీమాలోనూ రాదు.

జనవరి 8న రక్తపరీక్షలు, గుండెకు ఎకో, మత్తు డాక్టరుగారి చూపు అయ్యాయి. ఆ రోజు మాకు తోడుగా మా వదినగారు వచ్చారు. డ్యూటీ డాక్టరు కేసు షీటు రాస్తూ నొప్పి ఎప్పటినుంచి అని అడిగితే, మా ఆవిడ నోరు తెరిచేలోపే వదినగారు "ఎప్పటిదో అండి, అయిదారేళ్లు అయిపోతుంది" అనేశారు. ఆయన అదే రాసుకున్నాడు. ఆ మాట విలువ మాకు జనవరి 20న తెలిసింది. ఆ రోజు ఉదయం ఆసుపత్రి నుంచి బీమా కంపెనీకి ముందస్తు అనుమతి కోసం కాగితాలు వెళ్లాయి. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలని 2024 మేలో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. నిజంగానే గంటలోపు జవాబు వచ్చింది. కాకపోతే వచ్చింది అప్రూవల్ కాదు, క్వెరీ. నొప్పి అయిదేళ్లుగా ఉన్నదని రాశారు, పాలసీ తీసుకుని మూడేళ్లు దాటింది, మరి తీసుకునేటప్పుడు ఆ సంగతి ఎందుకు చెప్పలేదు, మొట్టమొదట ఏ డాక్టరుకు చూపించారో ఆ చీటీ పంపండి అని దాని సారాంశం.

మా ఆవిడ మోకాలి కోసం మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లింది 2022 ఆగస్టులో, అమలాపురంలో. ఆ చీటీ నా దగ్గర ఉంది. మందుల చీటీలు, పరీక్షల కాగితాలు ఏడాదివారీగా కట్ట కట్టి బీరువా పైఅరలో పెట్టే అలవాటును ఇంట్లో అందరూ వేళాకోళం చేసేవారు. ఆ రోజు ఎవరూ చేయలేదు. ఫొటో తీసి పంపాను. దానితోపాటు, రోగి చెప్పిన కాలం అయిదేళ్లు కాదనీ, తోడు వచ్చినవారు అంచనాగా చెప్పిన మాటనీ సర్జన్‌గారి సంతకంతో ఒక వివరణ కావాలన్నారు. ఆయన ఆపరేషన్ థియేటరు నుంచి బయటికి వచ్చేదాకా కాచుకుని కూర్చుని, 21వ తేదీ మధ్యాహ్నానికి ఆ సంతకం సంపాదించాం. కేసు షీటు రాసేటప్పుడు రోగి తప్ప ఇంకెవరూ మాట్లాడకుండా చూసుకోవడం మంచిది. వదినగారికి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

21 సాయంత్రం అప్రూవల్ వచ్చింది, 2,20,000 అడిగితే 1,10,000కు. సగమే ఇచ్చారని మేము బెంబేలెత్తిపోయాం. ఇది మొదటి విడత మాత్రమేననీ, ఆఖరి బిల్లు వెళ్లాక మిగతాది మంజూరు చేస్తారనీ డెస్కు కుర్రాడు చెప్పాడు. అది నిజమే. అయితే మొదటి అప్రూవల్ కాగితం అడుగున సన్నని అక్షరాల్లో, తుది మొత్తం పాలసీ షరతులకు లోబడి ఉంటుందని ఒక వాక్యం ఉంది. తరువాత జరిగినదంతా ఆ వాక్యంలోనే ఉంది.

22వ తేదీ బుధవారం మధ్యాహ్నం చేరడానికి వెళ్తే షేరింగ్ గదులు ఒక్కటీ ఖాళీ లేవు. పండగ కోసం ఆపరేషన్లు ఆపుకున్నవాళ్లంతా మాలాగే ఆ వారంలో వచ్చిపడ్డారు. మేము డిసెంబరులోనే తేదీ పెట్టుకున్నామని చెప్పినా, తేదీ ఖాయం చేసుకోవడం వేరు, గది ఖాయం చేసుకోవడం వేరు అన్నారు. ఖాళీగా ఉన్నది 7,500 అద్దె గల విడి గది. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు ఆపరేషన్, రక్తం పలచబడే మాత్ర ఆపించి అప్పటికి వారం దాటింది, అమ్మాయి సెలవు పెట్టి హైదరాబాదు నుంచి దిగింది. డెస్కు కుర్రాడు మాత్రం చాలా ధీమాగా చెప్పాడు: "ఆయ్, గది తేడా ఒక్కటేనండి మీది. రోజుకి రెండున్నర వేలు. మిగతాదంతా కంపెనీ చూసేసుకుంటాదండి." గది తేడా భరిస్తానని అచ్చులో ఉన్న కాగితం మీద సంతకం తీసుకున్నారు. క్యాష్‌లెస్ అయినా సరే 25,000 డిపాజిట్ కట్టించుకున్నారు. షేరింగ్ గది ఖాళీ కాగానే మారుస్తామని హామీ ఇచ్చారు గాని, దానికి కాగితం ఏమీ లేదు.

ఆపరేషన్ రోజు ఉదయం ఏడున్నరకు నర్సు వచ్చి గాజులు, మెట్టెలు, మంగళసూత్రం తీసేయమంది. గాజులు వెంటనే వచ్చాయి. సూత్రం తీయడానికి ఆవిడ చెయ్యి ఆడలేదు. నర్సు అనుభవం ఉన్న మనిషి, ఏమీ అనకుండా పసుపు కొమ్ము కట్టిన దారం ఒకటి డ్రాయరులోంచి తీసి ఇచ్చింది. ఆ వార్డులో అలాంటివి సిద్ధంగా పెట్టుకుంటారట. దారం కట్టుకున్నాక సూత్రం తీసి నా జేబురుమాల్లో మూట కట్టింది. స్ట్రెచరు కదులుతుంటే నాతో అన్న మాట, "ఏమండీ, టిఫిను తినండి" అని. థియేటరు బయట కుర్చీల్లో కూర్చున్న రెండున్నర గంటలూ బీమా, బిల్లు ఏవీ గుర్తుకు రాలేదు. పదకొండు దాటాక సర్జన్‌గారు బయటికి వచ్చి అంతా బాగా జరిగిందన్నారు. ఆయన వెనకే వచ్చిన థియేటరు మనిషి ఒక ఫారం చూపించి సంతకం అడిగాడు. దాని మీద ఇంప్లాంటు పెట్టెల నుంచి ఒలిచిన స్టిక్కర్లు అంటించి ఉన్నాయి: తొడ ఎముకకు వేసిన భాగానికి ఒకటి, కింది ఎముక పళ్లేనికి ఒకటి, మధ్యలోని ప్లాస్టిక్ బిళ్లకు ఒకటి, ఒక్కొక్క దాని మీద లాట్ నంబరు. ఆ స్టిక్కర్లు, ఇంప్లాంటు ఇన్వాయిసు లేకపోతే ఇంప్లాంటు డబ్బు మంజూరు కాదు. నేను అక్కడికక్కడే ఫోనులో ఫొటో తీసుకున్నాను.

ఆ రాత్రి ఐసీయూలో ఉంచి, 24న గదికి తెచ్చి, ఆ సాయంత్రమే వాకరు పట్టించి నాలుగు అడుగులు వేయించారు. నొప్పికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, ఫిజియో కుర్రాడు "ఇంకొక్కటి అమ్మా" అంటూ గుమ్మం దాకా నడిపించాడు. 25న షేరింగ్ గదిలో ఒక మంచం ఖాళీ అయింది. వెళ్లి అడిగితే, ఇప్పుడు మారినా లాభం లేదు, సర్జన్ ఫీజు, థియేటరు ఛార్జీలు ఆపరేషన్ రోజున రోగి ఏ తరగతి గదిలో ఉంటే ఆ రేటుకే పడిపోయాయి అన్నారు. అప్పుడు గాని మాకు తెలియలేదు, ఆ ఆసుపత్రిలో గది మారితే ఒక్క అద్దె మాత్రమే కాదు, అన్నిటి రేట్లూ మారతాయని. రేట్ల పట్టిక చూపించమంటే కాసేపు నసిగి చూపించారు: షేరింగ్ గది రోగికి సర్జన్ బృందం, మత్తు డాక్టరు కలిపి 60,000, విడి గది రోగికి అదే పనికి 75,000.

26 ఆదివారం, గణతంత్ర దినోత్సవం కూడానూ. రౌండ్సుకు వచ్చిన డాక్టరు ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు. కాని ఆ రోజు ఇన్సూరెన్సు డెస్కు లేదు. నగదు కట్టి వెళ్లే రోగి వెళ్లగలడు, క్యాష్‌లెస్ రోగి వెళ్లలేడు. ఆ ఒక్క రాత్రికి మళ్లీ 7,500, దాని మీద అయిదు శాతం జీఎస్టీ. రోజుకు 5,000 దాటిన ఆసుపత్రి గదులకు 2022 జులై నుంచి ఈ పన్ను ఉంది. 4,500 గదికి అది ఉండేది కాదు.

27 సోమవారం ఉదయం తొమ్మిదికి డిశ్చార్జి సమ్మరీ రాసేశారు. ఆసుపత్రి అడిగిన మూడు గంటల్లోపు బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని అదే 2024 ఉత్తర్వులో ఉందని అమ్మాయి ముందుగానే చదివి పెట్టుకుంది. మధ్యాహ్నం పన్నెండు దాటగానే డెస్కు దగ్గరికి వెళ్లి మూడు గంటలయ్యాయండి అంది. అప్పటికి ఆసుపత్రి నుంచి ఏమీ వెళ్లనే లేదు. వాడని మందులు ఫార్మసీకి తిప్పి పంపడం, ల్యాబు నుంచి క్లియరెన్సు, ఇంప్లాంటు ఇన్వాయిసు, ఇవన్నీ కూడితే గాని బిల్లు తయారు కాదు. రెండు గంటలకు పంపారు. కంపెనీ జవాబు నాలుగూ నలభైకి వచ్చింది. గడువు లోపలే. ఆలస్యమంతా ఇటువైపుదే. మా ఆవిడ పొద్దుటి నుంచి చీర మార్చుకుని మంచం అంచున కూర్చునే ఉంది, వాచిన కాలు కిందికి వేలాడేసుకుని.

బిల్లు మొత్తం 2,82,200. కంపెనీ మంజూరు చేసినది 1,62,000. మిగిలిన 1,20,200 మాది. నేను గది తేడా పదివేలు, కో-పే పాతికవేలు, చిల్లర వస్తువులు పదివేలు అనుకుని మనసులో నలభై అయిదు వేలు వేసుకుని కూర్చున్నాను. కాగితం పట్టుకుని రెండుసార్లు కూడాను, కూడిక సరిగానే ఉంది. అందులో ఉన్న పెద్ద గీత పేరు ప్రపోర్షనేట్ డిడక్షన్. మాకు అర్హమైన గది 5,000, ఉన్న గది 7,500, అంటే మూడింట రెండు వంతులు. కాబట్టి మిగతా ఛార్జీలన్నీ కూడా మూడింట రెండు వంతులే ఇస్తామన్నది దాని లెక్క. సర్జన్ ఫీజు 75,000లో 25,000 పోయింది. థియేటరు 30,000లో పదివేలు. నర్సింగు 9,000లో మూడువేలు, ఫిజియోథెరపీ 3,000లో వెయ్యి. అక్కడితో ఆగలేదు. ఇంప్లాంటు 66,000లో 22,000, మందులూ సర్జికల్ సామానులో 11,000, ల్యాబూ ఎక్స్‌రేల 12,000లో 4,000 కోసేశారు. ఐసీయూ 8,000 ఒక్కటే చెక్కుచెదరకుండా వచ్చింది. రోజుకు రెండున్నర వేల గది తేడా, అసలు తేడా కాక, మరో 76,000 కోతకు దారి తీసింది. "గది తేడా ఒక్కటేనండి" అన్న కుర్రాడు ఆ పూట డ్యూటీలో లేడు.

మిగతా కోతల్లో గది తేడా, జీఎస్టీ కలిపి 11,500, కో-పే 18,000, బీమా చెల్లించని వస్తువుల కింద 14,700. ఈ చివరిదాన్ని కాస్త విడదీసి చెబుతాను. ఐఆర్‌డీఏఐ జాబితాల్లో మొదటిదానిలో 68 రకాల వస్తువులు ఉన్నాయి, మా పాలసీ పుస్తకం చివర అది యథాతథంగా అచ్చయి ఉంది. చేతి గ్లవుజులు, క్రేప్ బ్యాండేజీ, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, వాకరు, మోకాలి బ్రేసు అన్నీ అందులోవే. గ్లవుజులు లేకుండా ఆపరేషన్ ఎలా చేస్తారని అడగాలనిపిస్తుంది, కాని జాబితా జాబితానే. మా బిల్లులో 'ఆర్థో కిట్ - 4,800' అని ఒక్క గీత ఉంది. అందులో ఏముందో ఎక్కడా రాయలేదు. వివరం లేని ఏ కిట్ అయినా చెల్లించరని అదే జాబితాలో రాసి ఉంది, ఆర్థో కిట్ పేరు ఉదాహరణగా సహా. విడదీసి బిల్లు ఇమ్మంటే, కిట్ అంటే కిట్టేనండి, కంప్యూటరులో ఒకే కోడ్ అన్నారు. రెండో జాబితా మాత్రం మాకు పనికివచ్చింది. అది గది అద్దెలోనే కలిసిపోవలసిన వాటిది: ఫైలు తెరిచే ఛార్జీ, అడ్మిషన్ కిట్, డాక్యుమెంటేషన్ ఛార్జీ వంటివి. ఆ పేర్లతోనే మా దగ్గర 1,500 వేశారు. పాలసీ పుస్తకం తెరిచి బిల్లింగు మేనేజరుగారి ముందు పెడితే, ఆయన పెద్దగా వాదించకుండా కొట్టేశారు. అలా 1,18,700కు దిగింది.

డిపాజిట్ పోను 93,700 కట్టాలి. నేను అనుకున్న లెక్కకు తెచ్చుకున్నది సరిపోలేదు, మిగతాది అమ్మాయి ఫోనులో కొట్టింది. ఈ సంగతి మా ఆవిడకు ఇంటికి వెళ్లాక చెబుదామనుకున్నాం. కారిడారులో మా మొహాలు చూసి ఆవిడే గ్రహించింది. "రెండో కాలికి ఇంక చేయించుకోను లెండి" అంది. అన్ని రోజుల్లో నాకు నిజంగా బాధ కలిగించిన మాట అదొక్కటే. చీకటి పడ్డాక అద్దె కారులో, ముందు సీటు వెనక్కి వాల్చి, జొన్నాడ వంతెన మీదుగా ఇంటికి చేరాం. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా డ్రైవరు ముందుగానే "అమ్మా, కాలు" అని హెచ్చరిస్తూ నడిపాడు. 2,500 తీసుకున్నాడు, ఆసుపత్రి అంబులెన్సు అయితే నాలుగువేలన్నారు.

ఆ వారమంతా అమ్మాయి ఫోనులోనే పాలసీ పుస్తకం మొత్తం చదివింది. ప్రపోర్షనేట్ డిడక్షన్ 'అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్' అనేవాటికే వర్తిస్తుందని ఒక చోట ఉంది. వాటికి నిర్వచనం మరెన్నో పేజీల తరువాత ఉంది. మందులు, సర్జికల్ సామాను, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, రోగ నిర్ధారణ పరీక్షలు అందులోకి రావని ఆ నిర్వచనం స్పష్టంగా చెబుతోంది. ఇది ఆ కంపెనీ దయతో పెట్టింది కాదు, 2020లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో అయితే ఈ కోత అసలు వేయకూడదని కూడా అందులోనే ఉంది. మా ఆసుపత్రిలో రేట్లు మారతాయని పట్టిక కళ్లారా చూశాం కాబట్టి సర్జన్ ఫీజు, థియేటరు, నర్సింగు, ఫిజియో మీద పోయిన 39,000 గురించి మేము వాదించలేదు. మనసులో ఇప్పటికీ మింగుడుపడదు గాని, అది సంతకం చేసిన ఒప్పందం. ఇంప్లాంటు, మందులు, పరీక్షల మీద కోసిన 37,000 మాత్రం ఒప్పందానికే విరుద్ధం. బంగారు గదిలో పడుకున్నా ఇంప్లాంటు ధర అదే కదా.

ఫిబ్రవరి 3న కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిలు పంపాం. అందులో కష్టసుఖాలు ఏమీ రాయలేదు. నిర్వచనం ఉన్న పేజీ సంఖ్య, ఆ వాక్యం, మూడు గీతల్లో కోసిన మొత్తం, ఇంప్లాంటు ఇన్వాయిసు, అంతే. 11న జవాబు వచ్చింది: మీ క్లెయిము పాలసీ నిబంధనల ప్రకారమే పరిష్కరించబడినది, సహకరించినందుకు ధన్యవాదాలు. మా మెయిలు ఎవరూ చదివిన గుర్తు అందులో లేదు. 14న ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌లో అదే ఫిర్యాదు, ఆ జవాబు జతచేసి నమోదు చేశాం. కంప్యూటరు రానివారు 155255కు ఫోను చేసి కూడా చెప్పవచ్చు, ఆ ఫోనుకు ఖర్చు లేదు. అది కూడా పని చేయకపోతే బీమా తగాదాలు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి కాగితాలు సర్దుకుని పెట్టాం. ఆంధ్ర, తెలంగాణలతో పాటు మన పక్కనున్న యానాం కూడా హైదరాబాదు కార్యాలయం కిందికే వస్తుంది, రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆ అవసరం రాలేదు. 25న కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, మొదటిసారిగా, ఇంప్లాంటు గురించి మాట్లాడింది. మార్చి 3న సవరణ లేఖ వచ్చింది. 37,000లో కో-పే పోను 33,300. డబ్బు ఖాతాలో పడడానికి ఇంకో అడ్డు: పాలసీలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు చెక్కు మీద పొడి అక్షరంగా ఉంది. బ్యాంకు మేనేజరుగారి చేత ఇద్దరూ ఒకరేనని లేఖ రాయించి పంపాక, మార్చి 13న పడింది. అలా ఆసుపత్రి బిల్లులో మా వాటా 85,400కు తేలింది.

మా పాలసీ ప్రకారం ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, వచ్చాక 60 రోజుల ఖర్చులు విడిగా క్లెయిము చేసుకోవచ్చు. ఇలా ముందూ వెనకా ఖర్చులు విడిగా క్లెయిము చేసుకోవచ్చని చాలామందికి తెలియదు, డెస్కులో ఎవరూ చెప్పరు. డిసెంబరు 12 నాటి ఎక్స్‌రే, ఫీజు కలిపి 2,600 ఆ 30 రోజుల గీతకు అవతల పడిపోయాయి. జనవరి పరీక్షలు 6,400, తరువాతి మందులు 5,900, ఇంటికి వచ్చి చేసిన ఫిజియోథెరపీ 12,000, మొత్తం 24,300కు ఏప్రిల్ 4న కాగితాలు పంపాను. అసలు బిల్లులే కావాలి, జిరాక్సులు చెల్లవు; పంపేముందు ప్రతిదీ ఫొటో తీసి ఉంచుకున్నాను. 17న క్వెరీ. ఫిజియో రసీదుల మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఎన్ని వారాలు అవసరమో డాక్టరు రాయలేదు. మా ఇంటికి వచ్చే కుర్రాడు రావులపాలెంలో క్లినిక్ పెట్టుకున్నవాడు, చదువుకున్నవాడే, కాని రసీదు పుస్తకం స్టేషనరీ షాపులో కొన్నది. పాపం, ఈ గొడవ వల్లే అతను నంబరుతో రబ్బరు స్టాంపు చేయించుకుని, పాత రసీదులన్నిటి మీదా కూర్చుని ముద్ర వేసిచ్చాడు. సర్జన్‌గారి లేఖ చెకప్‌కు వెళ్లినప్పుడు తీసుకున్నాం. ప్రోటీన్ పొడి 1,300 తీసేసి, కో-పే పట్టుకుని, మే 16న 20,700 వేశారు.

ఆ చెకప్‌లోనే ఎడమ మోకాలు కూడా అదే దారిలో ఉందని సర్జన్‌గారు చెప్పారు. కుడికాలి హాయి తెలిశాక మా ఆవిడ కారిడారులో అన్న మాట మరిచిపోయినట్టే ఉంది, దసరా వెళ్లాక చేయించుకుందామంటోంది. ఈసారి షేరింగ్ గది ఖాయం చేస్తూ ముందుగా రాసిమ్మని ఆసుపత్రివారిని అడిగాను. అలా రాయడం కుదరదన్నారు. గది లేకపోతే డిపాజిట్ పూర్తిగా వెనక్కి ఇచ్చి ఆపరేషన్ వాయిదా వేస్తామని మాత్రం రసీదు మీద రాసిస్తామన్నారు. నగరంలో గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి ఏదైనా ఉందేమో అమ్మాయి వాకబు చేస్తోంది.